ఆ పదేండ్లలో మొనగాడెవరు?

పొద్దు గూకినప్పటినించి వింటా ఉండా పిలకాయలారా. ఒకడు చెన్నై అంటాడు, ఇంకొకడు ముంబై అంటాడు. 2011 నించి 2020 దాకా ఐ.పి.ఎల్. లెక్క తీస్తే ముంబైకి ఐదు కప్పులు, చెన్నైకి రెండే అని పెద్దోడు చెప్తా ఉండాడు. ఆ పదేండ్లలో రెండేండ్లు చెన్నై ఆటలోనే లేదు కదా, ఆ రెండేండ్లు ఉండుంటే తెలిసేదని చిన్నోడు అరస్తా ఉండాడు. ఇద్దరూ కొంచేపు నోరు మూసుకోండి. ఆ కట్టె లోపలికి తొయ్యండి. ఇట్లాంటి వాదులాటే మా చిన్నప్పుడు ఈ నాట్రంపల్లిలో జరిగింది. క్రికెట్టు మీద కాదు, ఫుట్‌బాలు మీద. ఆ వాదంలో మీకు పనికొచ్చేది ఒకటుంది, అది చెప్తా.

అప్పుడు మనది ఉత్తరార్కాటు జిల్లా. మద్రాసు నించి బెంగుళూరు పోయే రోడ్డు మనూరి మీదనే కదా, లారీలు నిలిచే చోట ఒక టీ అంగడి ఉండేది. మార్గశిరం వచ్చిందంటే ఏలగిరి కొండ మీంచి చలి దిగేది. అంగడి ముందర మంట వేసుకొని పెద్దోళ్ళు కూర్చునేవాళ్ళు. నాకింకా మీసం రాలేదు. వాళ్ళ మధ్యలో దూరి కూర్చొని వినేవాణ్ణి.

మాట్లాడేది ముఖ్యంగా ముగ్గురు. ఒకరు మా మేనమామ. జోలార్‌పేట రైల్వేలో పని, పొగబండి ఇంజనులో బొగ్గేసేవాడు. కుప్పం, బంగారుపేట మీదుగా బెంగుళూరికి పోయి వచ్చేవాడు. రెండో ఆయన పట్టాళం నించి పింఛను మీద వచ్చిన మనూరాయన, మాకు బావ వరస. మూడో ఆయన వాణియంబాడి భాయి. తోళ్ళ వ్యాపారం మీద కలకత్తా పోయొచ్చేవాడు. లారీలో తోళ్ళేసుకొని బెంగుళూరు పోతా మనూర్లో దిగి, టీ తాగి, వాదం పెట్టుకొని, తీరిగ్గా బయలుదేరేవాడు.

1959 ముగిసి 60 వచ్చే చలికాలంలో మొదలైంది ఆ వాదం. 1950 నించి 59 దాకా, ఈ పదేండ్లలో దేశం మొత్తానికి మొనగాడు జట్టు ఏది, మొనగాడు ఆటగాడు ఎవరు, మొనగాడు కోచ్ ఎవరు అని.

ఆ కాలంలో ఆటగాళ్ళకు ఇప్పటోళ్ళ మాదిరి కోట్లు లేవు. బాలు తన్నేవాడికి ఏదో ఒక ఉద్యోగం ఉండాల. పోలీసోడు, రైల్వేవోడు, పట్టాళమోడు, మిల్లులో పనివాడు. పగలు డ్యూటీ, సాయంత్రం ఆట. ఆట ఉంటే ఉద్యోగం ఉంటుంది, కాలు విరిగితే రెండూ పోయినట్టే. కలకత్తా క్లబ్బుల్లో మాత్రం పేరూ ఉండేది, పైసలూ ఉండేవి. దేశం నలుమూలల నించి మంచి ఆటగాళ్ళు అక్కడికే పోయేవాళ్ళు. కప్పులంటే మూడు పెద్దవి. బొంబాయిలో రోవర్స్ కప్పు, ఢిల్లీలో డ్యూరాండ్ కప్పు, కలకత్తాలో ఐ.ఎఫ్.ఎ. షీల్డు. రాష్ట్రాల మధ్య జరిగేది సంతోష్ ట్రోఫీ.

వాదానికి మా మామ రెండు కట్టుబాట్లు పెట్టినాడు. ఒకటి, ఎవరో చెప్పగా విన్నా అంటే చెల్లదు. కండ్లతో చూసుండాల, లేకుంటే పేపర్లో వచ్చుండాల. మద్రాసు నించి ఆంధ్రపత్రిక వచ్చేది, హిందూ వచ్చేది, హిందూ వాళ్ళదే స్పోర్ట్ అండ్ పాస్‌టైం అని బొమ్మల వారపత్రిక ఒకటి వచ్చేది. అందులో బొమ్మలు కత్తిరించి టీ అంగడి గోడకు అంటించేవాళ్ళు. రెండో కట్టుబాటు ఇంకా గట్టిది. నీ జట్టును పొగడక ముందు ఎదుటివాడి జట్టులో గొప్పేందో నువ్వే చెప్పాల. అది చెప్పలేనోడికి మాట్లాడే హక్కు లేదు.

మొదట భాయి లేచినాడు. సాయిబు కదా, కలకత్తాలో మొహమ్మడన్ స్పోర్టింగును మెచ్చుకుంటాడని అందరూ అనుకున్నారు. ఆయన ఈస్ట్ బెంగాల్ అన్నాడు. "మామా, మీ హైదరాబాదు పోలీసోళ్ళ మాదిరి కలిసికట్టుగా ఆడేవాళ్ళను నేను చూడలేదు, ఒప్పుకుంటా. కానీ ఈస్ట్ బెంగాల్ ముందు వరసలో ఐదుగురు ఉండిరి చూడు, పంచపాండవులని పేరు. వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే. ఐదుగురూ మన దక్షిణాదోళ్ళే. అప్పారావు మీ తెలుగాయన, అహ్మద్ ఖాన్ బెంగుళూరాయన. ఒక్క బెంగాలీ లేడు, అయినా కలకత్తా వాళ్ళను నెత్తిన పెట్టుకున్నాది. 49, 50, 51, మూడేండ్లు వరసగా షీల్డు వాళ్ళదే. 51, 52 రెండేండ్లు డ్యూరాండ్ వాళ్ళదే."

అహ్మద్ ఖాన్ పేరెత్తితే భాయి గొంతే మారిపోయేది. ఆయన వట్టికాళ్ళతో ఆడేవాడు. 1948లో లండన్ ఒలింపిక్సులో మనవాళ్ళలో చాలామంది వట్టికాళ్ళతోనే ఫ్రాన్సు మీద ఆడినారు. 2-1తో ఓడినా ఆ ఊరి జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టినారు. ఆ జట్టులో అహ్మద్ ఖాన్ ఉండాడు. 1951లో ఢిల్లీలో మొట్టమొదటి ఏసియా ఆటలు జరిగితే ఇరాను మీద 1-0తో బంగారు పతకం గెలిచిన జట్టులోనూ ఉండాడు. 52లో హెల్సింకి చలిలో యుగోస్లావియా మనోళ్ళను 10-1తో చితకబాదిందే, ఆ ఒక్క గోలూ అహ్మద్ ఖాన్‌దే. ఆ దెబ్బతోనే మన దేశంలో బూట్లు లేకుండా ఆడకూడదని కట్టడి వచ్చింది.

తర్వాత పట్టాళం బావ. ఆయనది మద్రాస్ రెజిమెంటల్ సెంటర్. నీలగిరిలో కూనూరు పక్కన వెల్లింగ్టన్ ఉంది కదా, అక్కడి పట్టాళం జట్టు. "మీవన్నీ పేరున్న క్లబ్బులు. మాది కొండ మీద కవాతు చేసుకునే సిపాయిల జట్టు. 55లో ఢిల్లీ పోయి విమానదళం వాళ్ళను ఓడించి డ్యూరాండ్ పట్టుకొచ్చినారు. మళ్ళీ 58లో గోర్ఖా బ్రిగేడును ఓడించి పట్టుకొచ్చినారు. గోలులో ఎవరుండారు? పీటర్ తంగరాజ్. ఆరడుగుల పైన మనిషి. మొదట్లో ముందు వరసలో గోలు కొట్టేవాడంట, పట్టాళంలోనే గోలీగా మారినాడు. 58లో ఏసియాలోనే ఉత్తమ గోలీ అని పేరు తెచ్చుకున్నాడు. అట్లాంటోడు ఇంకొకడుంటే చూపించండి." బావ మాట్లాడితే మంట పక్కన నిలబడి సెల్యూటు కొట్టినంత నిటారుగా ఉండేవాడు.

మా మామ నవ్వి, "తంగరాజ్ పుట్టింది యాడ బావా?" అన్నాడు. బావ మాట్లాడలేదు. తంగరాజ్ పుట్టింది హైదరాబాదులోనే.

ఆ తర్వాత మామ తన వాదం మొదలుపెట్టినాడు. హైదరాబాద్ సిటీ పోలీస్. 1943లో బెంగుళూర్లో ఆష్ గోల్డ్ కప్పు జరిగితే, తెల్లోళ్ళ రాయల్ ఎయిర్‌ఫోర్స్ జట్టును వాళ్ళు ఓడించినారు. ఆ పందెం మామ చూసినాడు. అప్పట్నించి ఆయనకు ఆ జట్టంటే ప్రాణం. మనం మద్రాసు రాజ్యంలో ఉండాం, వాళ్ళు నిజాం రాజ్యంలో ఉండారు, వాళ్ళలో సగంమంది ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. అయినా మావోళ్ళు అనేవాడు.

"లెక్క వినండి" అన్నాడు. "బొంబాయి కూపరేజ్ మైదానంలో 50, 51, 52, 53, 54. ఐదేండ్లు వరసగా రోవర్స్ కప్పు హైదరాబాద్ పోలీసుదే. ఢిల్లీలో డ్యూరాండ్ ఫైనలుకు ఈ పదేండ్లలో ఐదుసార్లు పోయినారు. 50లో మోహన్ బగాన్‌ను ఓడించి గెలిచినారు, 54లో గెలిచినారు, 57లో గెలిచినారు. సంతోష్ ట్రోఫీ 56-57లో హైదరాబాదుది, 57-58లో మళ్ళీ హైదరాబాదుదే. ఒక్క ఊరి ఆటగాళ్ళు రా ఇదంతా."

భాయి ఊరుకుంటాడా? "మిగతా రెండు డ్యూరాండ్ ఫైనళ్ళ మాట చెప్పలేదే మామా? 52లో మీ పోలీసును ఓడించింది ఈస్ట్ బెంగాల్. 56లో ఓడించిందీ ఈస్ట్ బెంగాలే."

"57లో ఆ ఈస్ట్ బెంగాల్‌ను ఓడించే కదా మేము కప్పు తెచ్చింది" అన్నాడు మామ. "అయినా భాయ్, నువ్వు చెప్పింది నిజం. ఎదురెదురు ఫైనళ్ళలో మీకు రెండు, మాకు ఒకటి. అది నేను దాచను." ఇట్లుండేది వాళ్ళ వాదం. ఓడినచోట ఓడినామని చెప్పినాకనే గెలిచినచోటికి పోవాల.

అట్లా చాన్నాళ్ళు జరిగింది. ఒకరోజు జట్టు, ఒకరోజు ఆటగాడు. పోలీసు జట్టు నూర్ మొహమ్మద్ గొప్పని మామ అంటే, అహ్మద్ ఖాన్ అని భాయి, తంగరాజ్ అని బావ. ఇంకొకాయన వచ్చి నెవిల్ డిసౌజా అన్నాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో ఆస్ట్రేలియా మీద మనోళ్ళు 4-2తో గెలిచినప్పుడు అందులో మూడు గోల్స్ ఆయనవే. ఒలింపిక్సు ఫుట్‌బాలులో ఏసియా ఆటగాడు హ్యాట్రిక్ కొట్టడం అదే మొదలు. సెమీఫైనల్లో యుగోస్లావియా మీద మొదటి గోలు కూడా ఆయనే వేసినాడు, తర్వాత వాళ్ళు నాలుగేసి గెలిచినారనుకో. మూడో స్థానం పందెంలో బల్గేరియా చేతిలో 3-0. నాలుగో స్థానంలో నిలిచినాం. ఒలింపిక్సు ఫుట్‌బాలులో సెమీఫైనలు దాకా పోయిన మొదటి ఏసియా దేశం మనదే. ఇది మీ బడి పుస్తకంలో ఉందా?

కోచ్ సంగతి వచ్చేటప్పటికి మాత్రం వాదమే లేదు. ముగ్గురి నోట్లోనూ ఒకే పేరు. రహీం సాబ్. సయ్యద్ అబ్దుల్ రహీం.

ఆయన 1909లో హైదరాబాదులో పుట్టినాడు. బళ్ళో అయ్యవారు. పిల్లకాయలకు పాఠం చెప్పేవాడే బాలు ఆట చెప్పడానికి దిగినాడు. సిటీ పోలీసు జట్టుకు కోచ్ ఆయనే, 51లో బంగారం గెలిచిన దేశం జట్టుకూ ఆయనే, మెల్‌బోర్న్ పోయిన జట్టుకూ ఆయనే. ఆ కాలంలో బాలు చేతికి, అదే కాలికి, చిక్కిందంటే ఎవడికి వాడు దాన్ని తిప్పుకుంటా పోయి మొనగాడనిపించుకోవాలని చూసేవాడు. రహీం సాబ్ దాన్ని మాన్పించినాడు. ఎట్లనో తెలుసా? బాలును తిప్పకూడదు, రాగానే పక్కవాడికి అందించాల అని ఒక పోటీ పెట్టేవాడు. కుడికాలివాడు ఎడమకాలితోనే తన్నాల అని ఇంకొక పోటీ పెట్టేవాడు. అట్లా ఆడి ఆడి ఆ పిల్లోళ్ళకు రెండు కాళ్ళూ ఒకటే అయిపోయినాయి. బాలు నీది కాదు, జట్టుది అనేది ఒంట్లోకి ఎక్కిపోయింది. ఐదేండ్లు వరసగా రోవర్స్ కప్పు ఊరికే రాలేదు.

సికింద్రాబాదు అమ్ముగూడలో ఒక పేదింటి కుర్రోడుండె. అరవం మాట్లాడే ఇల్లు, మన ప్రాంతాల నించి పోయినోళ్ళ మాదిరే. పేరు తులసీదాస్ బలరాం. రహీం సాబ్ వాడి ఆట చూసి, శిక్షణకు హైదరాబాదు రమ్మన్నాడు. అంతదూరం రావడానికి డబ్బుల్లేవు అన్నాడు వాడు. సాబ్ సైకిలు బాడుగకు తన జోబీలోంచి డబ్బులిచ్చి రప్పించుకున్నాడు. ఆ కుర్రోడే 56లో మెల్‌బోర్న్ పోయినాడు. తర్వాత ఈస్ట్ బెంగాల్‌కు పోయినాడు. 1960 రోమ్ ఒలింపిక్సులో హంగేరీ మీద గోలేసినాడు, పెరూ మీద గోలేసినాడు. 2023లో కాలం చేసినాడు. సైకిలు బాడుగ ఇచ్చే మనిషి లేకుంటే దేశానికి బలరాం లేడు.

మామ ఈ కథ చెప్పిన రాత్రి భాయి చాలాసేపు మంటలోకి చూస్తా కూర్చొని, "మామా, మా కలకత్తా క్లబ్బులకు వచ్చినోళ్ళలో ఎంతమందిని ఈయన చేసి పంపినాడు!" అన్నాడు. నిజమే కదా. బలరాం, కన్నన్ ఈస్ట్ బెంగాల్‌కు పోయినారు. సలాం, లతీఫ్ మొహమ్మడన్‌కు పోయినారు. ఎదురు నిలబడే జట్లకు కూడా ఆయన బళ్ళో చదివినోళ్ళే బలం. నారు ఒక మడిలో పోస్తే పది మళ్ళకు నాటుకున్నట్టు.

1962 వచ్చింది. వాదం లెక్క 59తోనే సరి, అయినా జకార్తా ఏసియా ఆటలు ముగ్గురూ ఒకటై విన్నారు. పంచాయతీ రేడియో చుట్టూ ఊరంతా చేరింది. మొదటి పందెంలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడినాం. తర్వాత థాయిలాండు, జపాను, సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద గెలిచి ఫైనలుకొస్తే ఎదురుగా మళ్ళీ ఆ కొరియానే. మన జర్నైల్ సింగు వెనక నిలబడి అడ్డుకునేవాడు. తల పగిలి కుట్లు పడినాయి. రహీం సాబ్ ఆయన్ను ఇంటికి పంపలేదు, ముందు వరసలో గోలు కొట్టడానికి పెట్టినాడు. ఆటలో అంత లోతుగా చూసేవాడికే వచ్చే ఆలోచన అది. ఆ రోజు సెప్టెంబరు 4. మైదానంలో లక్షమంది, అందరూ మనకు ఎదురే. ఇజ్రాయెల్‌నూ తైవాన్‌నూ ఆటలకు రానీయలేదని మన దేశపు పెద్దాయన ఒకరు తప్పుబట్టినందుకు అక్కడి జనానికి కోపం. అంత గోలలో మొదటి గోలు పీకే బెనర్జీ వేసినాడు, రెండో గోలు ఆ తలకు కట్టుతో ఉన్న జర్నైల్ సింగు వేసినాడు. 2-1. గోలులో తంగరాజ్, ముందు బలరాం, యూసుఫ్ ఖాన్, నాయకుడు చునీ గోస్వామి. బావ తంగరాజ్ అని కేక, మామ బలరాం అని కేక.

అప్పటికే రహీం సాబ్‌కు క్యాన్సరు. ఆ నొప్పితోనే జట్టును నడిపించినాడు. మరుసటేడు, 1963 జూన్ 11న పోయినాడు. అప్పట్నించి ఈ రోజు దాకా ఏసియా ఆటల్లో మన దేశానికి ఫుట్‌బాలులో మళ్ళీ బంగారం రాలేదు. 2024లో మైదాన్ అని సినిమా వచ్చిందే, మీరు ఫోనులో చూస్తిరి కదా, అది ఆయన కథే. మీకు ఆ సినిమా వచ్చేదాకా ఆయన పేరు తెలియదంటే తప్పు మీది కాదు. చెప్పాల్సిన మేము చెప్పలేదు.

ఇప్పుడు తీర్పు అడుగుతారా? మామ, బావ, భాయి ముగ్గురూ లేరు కాబట్టి నేనే చెప్తా. ఆ పదేండ్లలో మొనగాడు జట్టు హైదరాబాద్ సిటీ పోలీస్. ఐదేండ్లు వరసగా ఒకే కప్పును వదలకుండా పట్టుకున్నోళ్ళకు ఎదురు చెప్పేదానికి లేదు. మొనగాడు ఆటగాడు అహ్మద్ ఖాన్. ఇది మా మామ ఒప్పుకోడు, అయినా అదే నిజం. రెండు ఒలింపిక్సులు, ఒక ఏసియా బంగారం, పదేండ్లు కలకత్తాలో నిలబడిన ఆట, అదీ సగం కాలం వట్టికాళ్ళతో. బలరాం అసలు ఆట 56 తర్వాతది. ఆయనకు ఆ తర్వాతి పదేండ్ల లెక్కలో కూడా చోటుంది. మొనగాడు కోచ్ రహీం సాబ్, అందులో రెండో మాట లేదు.

ఈ మూడింటిలో పెద్దది మూడోది. జట్టు ఐదేండ్లు ఉంటుంది, ఆటగాడు పదేండ్లు ఉంటాడు. నేర్పినోడు అందరిలోనూ ఉంటాడు. ఆయన పోయినాక హైదరాబాదు ఆట కొన్నాళ్ళు నడిచింది. ఆంధ్రా పోలీసు పేరుతో కప్పులు తెచ్చింది, 65-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. తర్వాత మెల్లగా వెనకబడింది. ఆడే కాళ్ళు ఇప్పుడూ ఉండాయి. సైకిలు బాడుగ ఇచ్చి పిలిచే చేయి తక్కువైంది.

అందుకే చెప్తా ఉండా పిలకాయలారా. ముంబై గొప్పనీ, చెన్నై గొప్పనీ బాగా వాదులాడుకోండి, వద్దనను. కానీ మా మామ కట్టుబాట్లు రెండూ పాటించండి. తెలిసిందే చెప్పండి, ఎదుటివాడి గొప్ప ముందు చెప్పండి. జట్టు పేరెత్తినప్పుడు ఆ పిల్లోళ్ళకు మొదట బాలు పట్టడం నేర్పిన మనిషి పేరు కూడా ఎత్తండి. రేపు మనూరి బడి వెనక ఆడే పిల్లోళ్ళలో ఎవడికన్నా బూట్లు లేవని తెలిస్తే నాకొచ్చి చెప్పండి. నా పింఛను డబ్బులో వాడికి బూట్లు కొనిచ్చే పూచీ నాది.